ప్రాజెక్టు డైరీ: పాత నోయిర్ సినిమాలకు మార్కులు వేయడం

జూన్ మొదట్లో: పట్టిక గీశాను

నోయిర్ (ఫ్రెంచిలో ‘నలుపు’) అని పిలిచే పాత హాలీవుడ్ బ్లాక్ అండ్ వైట్ క్రైమ్ సినిమాల గురించి ఎక్కడ చదివినా పొగడ్తలే ఎక్కువ. టోపీ, సిగరెట్ పొగ, కిటికీ చారల నీడలు, మోసం చేసే అందగత్తె ఉంటే చాలు, క్లాసిక్ అనేస్తారు. తీరా చూస్తే కొన్ని నిజంగానే కుర్చీలోంచి లేవనివ్వవు. కొన్ని ఆవలింతలు తెప్పిస్తాయి. ఈ రెండు పనులూ ఒకే గంటన్నరలో చేసేవీ ఉన్నాయి. అందుకే ఒక్కో సినిమాని విడివిడి భాగాలుగా చూసి, ఏది గట్టిది, ఏది డొల్ల అని మార్కులు వేసే పని పెట్టుకున్నాను. మా అక్క రెండో ఎగ్జామినర్. ఆవిడకి ఈ సినిమాల మీద భక్తి లేదు. అదే ఆవిడ అర్హత.

హద్దులు: 1941 నాటి ‘ది మాల్టీస్ ఫాల్కన్’ నుంచి 1958లో వచ్చిన ‘టచ్ ఆఫ్ ఈవిల్’ దాకా, అమెరికన్ సినిమాలు మాత్రమే. దాంతో వియన్నాలో తీసిన బ్రిటిష్ సినిమా ‘ది థర్డ్ మ్యాన్’ (1949) బయటికి పోయింది. బాధగానే ఉంది. కానీ దాన్ని రానిస్తే వెనకాలే ఫ్రెంచివీ జపాన్‌వీ క్యూ కడతాయి.

‘నోయిర్‌లా ఉందా లేదా’ అన్నదానికి మార్కులు లేవు. ఆ పేరు 1946లో నీనో ఫ్రాంక్ అనే విమర్శకుడు పారిస్‌లో కూర్చుని వాడింది. యుద్ధకాలంలో ఫ్రాన్స్‌కి చేరని అమెరికన్ సినిమాలు యుద్ధం అయ్యాక ఒక్కసారిగా అక్కడ విడుదలయ్యాయి. వాటిలో కనిపించిన చీకటి పోలికకి అది పేరు. తీసినవాళ్ళు మాత్రం మెలోడ్రామా అనో థ్రిల్లర్ అనో అనుకుని తీశారు. తెలియని సిలబస్‌కి పరీక్ష పెట్టడం న్యాయం కాదు. కాబట్టి మాయలాడి లేదని, వాయిస్ ఓవర్ లేదని ఏ సినిమాకీ మార్కులు తగ్గించం.

ప్రస్తుతానికి కాలమ్‌లు: వెలుగునీడలు, చెవికి వినిపించేది, కథ అల్లిక, నటన, ముగింపు. ఒక్కోదానికి పది. అక్క విడిగా, నేను విడిగా వేస్తాం. తేడా వస్తే సగటు తీయం, రెండు అంకెలూ పక్కపక్కనే ఉంటాయి.

కొన్ని రోజుల తర్వాత: ముందు ప్రింటు సంగతి

మార్కులు మొదలుపెట్టే ముందే ఒక పని తేలింది. ఈ సినిమాల్లో సగం గొప్పతనం నలుపులో ఉంది. ఆ నలుపు మన దాకా రావాలి. ‘డీటూర్’ (1945) కాపీరైట్ లేని సినిమా కాబట్టి ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది. ఏళ్ళ తరబడి కాపీ మీద కాపీ తీసిన ప్రింట్లవి. బూడిద రంగు తప్ప మరేం కనిపించదు. 2018లో అకాడమీ ఫిల్మ్ ఆర్కైవ్ బాగుచేసిన ప్రింటు చూస్తే ఇంకో సినిమా చూసినట్టుంది. పాత కాపీ చూసి దీనికి వెలుగునీడల కాలమ్‌లో రెండో మూడో వేసినవాళ్ళు చాలామందే ఉంటారు.

టీవీలో చేసిన మార్పులు కూడా రాసి పెడుతున్నాను, ఎవరికైనా పనికొస్తాయి. పిక్చర్ మోడ్ ‘వివిడ్’ నుంచి ‘సినిమా’కి మార్చాను. మోషన్ స్మూతింగ్ ఆపేశాను. అది ఉంటే 1947 సినిమా కూడా సీరియల్‌లా కనిపిస్తుంది. పగలు చూడొద్దు, కర్టెన్లు వేసినా సరే. నెట్ స్పీడు తగ్గితే చీకటి సీన్లలో నలుపు గడులు గడులుగా విడిపోతుంది. అలాంటప్పుడు ఆపేసి మర్నాడు చూడటమే నయం.

జూన్ చివర: శబ్దం ఆపేసి

ప్రతి సినిమాలో మొదటి ఇరవై నిమిషాలూ, ఆ తర్వాత కొన్ని సీన్లూ మ్యూట్‌లో చూస్తున్నాం. సబ్‌టైటిల్స్ కూడా తీసేసి. ఎవరు ఎవరికి భయపడుతున్నారో, ఎవరి చేతిలో ఎవరున్నారో బొమ్మని బట్టే తెలియాలి.

ఇందులో ‘టి-మెన్’ (1947) అందరికంటే ముందుకి దూకింది. దర్శకుడు ఆంథొనీ మాన్, కెమెరా జాన్ ఆల్టన్. ఆల్టన్ తక్కువ లైట్లతో, తొందరగా పని కానిచ్చేవాడని పేరు. ఆవిరి స్నానాల గదిలో జరిగే హత్యని మ్యూట్‌లో చూస్తేనే ఊపిరాడలేదు. పది వేశాను. అక్క కూడా పదే వేసింది. అలా కలవడం అరుదు. ఆల్టనే తీసిన ‘ది బిగ్ కాంబో’ (1955) చివరి సీను కూడా అంతే. విమానాశ్రయంలో పొగమంచు, ఒక తిరిగే లైటు, రెండు నల్లటి ఆకారాలు. సెట్ అనదగ్గది దాదాపు ఏమీ లేదు.

‘ది మాల్టీస్ ఫాల్కన్’ ఈ పరీక్షలో వెనకబడింది. జాన్ హ్యూస్టన్‌కి దర్శకుడిగా అదే మొదటి సినిమా. గదుల్లో కూర్చుని మాట్లాడుకోవడమే ఎక్కువ. మాట తీసేస్తే సగం పోయింది. కానీ సిడ్నీ గ్రీన్‌స్ట్రీట్‌ని కింద నుంచి చూపించిన షాట్లు చూడండి, ఆ పొట్టే తెరంతా ఆక్రమించేసి ఎదుటివాడికి చోటు లేకుండా చేస్తుంది. ఆఖర్లో లిఫ్టు గేటు ఊచలు హీరోయిన్ మేరీ ఆస్టర్ మొహం ముందు జైలు ఊచల్లా పడతాయి. ఆరు వేశాను.

జులై: గదిలో చేసి చూశాం

గోడ మీద చారల నీడ పడేలా చేయడం ఎంత కష్టమో తెలియకుండా దానికి పదికి ఎన్ని వేయాలో ఎలా తెలుస్తుంది? అందుకని హాల్లో ట్యూబ్‌లైట్ ఆర్పేసి మేమే చేసి చూశాం. మన ఇళ్ళల్లో పలకల బ్లైండ్లు ఉండవు కాబట్టి ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెకి బ్లేడుతో అడ్డంగా చీలికలు కోశాను. నటుడు మా మేనల్లుడు, ఇంటర్ చదువుతున్నాడు.

మామూలు ఎల్‌ఈడీ బల్బు పెడితే చారలు రాలేదు. తెల్లటి గుండ్రటి మూత ఉన్న బల్బు కాబట్టి వెలుగు అన్ని వైపుల నుంచీ వచ్చి నీడ అంచుల్ని చెరిపేస్తుంది. ఫోన్ టార్చి పెట్టగానే గీసినట్టు వచ్చాయి. వెలుగు పుట్టే చోటు ఎంత చిన్నదైతే నీడ అంత పదునుగా ఉంటుంది. అట్టని గోడకి దగ్గరగా, టార్చిని దూరంగా జరిపితే ఇంకా పదును.

అసలు ఇబ్బంది ఆ తర్వాత మొదలైంది. మేనల్లుడి కళ్ళ మీద వెలుగు చార, నోటి మీద నీడ పడాలి. వాడు అర అడుగు కదిలితే కళ్ళు చీకట్లోకి పోయి ముక్కు వెలుగుతోంది. చాక్‌పీసుతో నేల మీద గుర్తు పెట్టాల్సి వచ్చింది. ఈ సినిమాల్లో నటులు ఒకచోట నిలబడి, తల మాత్రం తిప్పుతూ మాట్లాడటం చూసి ‘నాటకంలా ఉంది’ అంటుంటారు. ఆ నిలబడటంలో కొంత ఈ లైటింగ్ పెట్టిన షరతే. అది బలహీనత అన్నా ఒప్పుకుంటాను, కాకపోతే దాని బదులు ఏం దక్కిందో కూడా లెక్కేయాలి. ‘అవుటాఫ్ ది పాస్ట్’ (1947)లో కెమెరామన్ నికొలస్ ముసురాకా, నటుడు రాబర్ట్ మిచమ్ కలిసి ఈ షరతునే శైలిగా మార్చేశారు. మిచమ్ కదలకపోవడం బద్ధకంలా, నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. ఆ పాత్రకి కావాల్సిందీ అదే.

పొగ కూడా ప్రయత్నించాం. సాంబ్రాణి వేస్తే, టార్చి మన వెనక ఉన్నప్పుడు పొగ దాదాపు కనిపించలేదు. టార్చిని పొగకి అవతల, కెమెరా వైపు తిప్పి పెడితే వెలుగు కిరణం తాడులా తేలింది. ‘డబుల్ ఇండెమ్నిటీ’ (1944)లో కాలిఫోర్నియా ఇంట్లో గాలిలో తేలే దుమ్ము కోసం కెమెరామన్ జాన్ సైట్జ్ అల్యూమినియం పొడి వాడాడు. ఆ గది చూడగానే అక్కడ ఎవరూ మనసు పెట్టి బతకడం లేదని తెలిసిపోతుంది. (అమ్మ మాత్రం శుక్రవారం కాకపోయినా ఇంట్లో సాంబ్రాణి వేశామని సంతోషించింది.)

డబ్బు విషయం కూడా ఈ కాలమ్‌లోనే తేల్చాలి. 1942లో అమెరికా ప్రభుత్వం యుద్ధం కోసం సామాను పొదుపు చేస్తూ, ఒక్కో సినిమాకి కొత్త సెట్ సామాను 5000 డాలర్లు మించకూడదని పరిమితి పెట్టింది. చీకటి ఉంటే పాత సెట్టు పాతదని తెలియదు. అయితే ‘పాపం, డబ్బు లేదు’ అని గ్రేస్ మార్కులు వేయకూడదని నిర్ణయించాం. లోటు లోటుగా కనిపిస్తే మార్కులు తగ్గుతాయి, కథలో కలిసిపోతే తగ్గవు.

దీనికి ‘డీటూర్’ మంచి ఉదాహరణ. చిన్న స్టూడియో పీఆర్‌సీ తీసిన సినిమా, నిడివి గంటా పది నిమిషాల లోపే. ఆరు రోజుల్లో తీశానని దర్శకుడు ఎడ్గర్ ఉల్మర్ చెప్పుకునేవాడు గానీ, రికార్డులు చూసినవాళ్ళు అంతకంటే ఎక్కువే పట్టిందంటారు. న్యూయార్క్ వీధి అని చూపించేదల్లా పొగమంచు, ఒక దీపస్తంభం. కానీ అది హీరో గుర్తు చేసుకుంటున్న వీధి, మసకగా ఉండటమే సబబు. అక్కడ లోటు కలిసిపోయింది. హీరో లిఫ్టు అడుగుతూ పడమటికి పోయే షాట్లలో మాత్రం నెగెటివ్ తిప్పి వేశారు. డ్రైవరు కుడి పక్క కూర్చున్నాడు, కార్లు ఎడమ పక్కన పోతున్నాయి. మనకి అలవాటైన వైపే కాబట్టి అక్క గమనించనే లేదు! చెప్పాక నవ్వింది. అమెరికా ప్రేక్షకుడికి మాత్రం ఎబ్బెట్టుగా ఉండాలి. రెండూ కలిపి ఆరు.

జులై చివర: కళ్ళు మూసుకుని

ఈసారి తెర లేదు, చెవులే. వంటింట్లో పని చేసుకుంటూ విన్నాం.

‘డబుల్ ఇండెమ్నిటీ’ పూర్తిగా నిలబడింది. బిల్లీ వైల్డర్, రేమండ్ చాండ్లర్ కలిసి రాసిన మాటలవి. ఇద్దరికీ పడేది కాదంటారు, ఆ గొడవ మాత్రం పేజీకి మేలే చేసింది. ఒక ఆడమనిషి కోసం, డబ్బు కోసం ఆమె భర్తని చంపిన ఇన్సూరెన్స్ ఏజెంటు నెఫ్, ఆఫీసులో డిక్టాఫోన్ (మాట రికార్డు చేసే యంత్రం) ముందు కూర్చుని తన నేరం తనే చెప్పుకుపోతుంటాడు. ఆ గొంతులో ఏడుపు లేదు, గొప్పలు లేవు, అలసట ఉంది. తొమ్మిది. ఒక్క మార్కు ఎందుకు తగ్గించానంటే, ఆ ఆడమనిషి సవతి కూతురు లోలా వచ్చిన ప్రతిసారీ మాటల పదును తగ్గిపోతుంది.

‘టి-మెన్’ ఇక్కడ దబ్బున పడింది. మొదట్లోనే ఖజానా శాఖ మాజీ అధికారి ఒకాయన నిజంగానే తెర మీదికొచ్చి ఉపన్యాసం ఇస్తాడు. తర్వాత వ్యాఖ్యాత గొంతు, మనకి కళ్ళెదురుగా కనిపిస్తున్నదే మళ్ళీ చెబుతుంది. పూర్వం మన హాళ్ళలో సినిమాకి ముందు వేసే ప్రభుత్వ న్యూస్‌రీలు విన్నట్టే ఉంది. చెవికి మూడు, కంటికి పది. సగటు తీయకూడదని పెట్టుకున్న నియమం ఇక్కడ కాలమ్‌ల మధ్య కూడా అక్కరకొచ్చింది. ఆరున్నర అని రాస్తే ఈ సినిమా గురించి ఏమీ చెప్పనట్టే.

‘ది నారో మార్జిన్’ (1952)లో నేపథ్య సంగీతమే లేదు. రైలు చక్రాలు, కూత, తలుపుల చప్పుడు, అంతే. ‘ఇప్పుడు భయపడండి’ అని వయొలిన్లు చెప్పకపోవడం ఎంత హాయిగా ఉందో! నలభైల నాటి సినిమాల్లో సంగీతం తెగ సలహాలిస్తుంటుంది. అది ఆ కాలపు మామూలు బలహీనత, దాదాపు అన్నిటికీ అరమార్కు పోతోంది.

‘ది బిగ్ కాంబో’లో ఒక సీను చెవి కాలమ్‌కే పుట్టినట్టుంది. వినికిడి యంత్రం పెట్టుకునే ఒక గ్యాంగ్‌స్టర్‌ని చంపబోతూ, దయ చూపిస్తున్నట్టు ముందు ఆ యంత్రం తీసేస్తారు. తుపాకులు నిప్పు కక్కుతుంటాయి, మనకి ఏమీ వినిపించదు. కళ్ళు మూసుకుని వింటున్న అక్క ‘ఏమైంది, కరెంటు పోయిందా?’ అంది. వెనక్కి తిప్పి చూపించాను.

‘గన్ క్రేజీ’ (1950)లో బ్యాంకు దోపిడీ మొత్తం కారు వెనక సీటులోంచి, ఒకే షాట్‌లో ఉంటుంది. కెమెరా కారు దిగదు. బ్యాంకు లోపల ఏం జరిగిందో చూపించరు. పార్కింగ్ దొరుకుతుందా లేదా అని ఇద్దరూ మాట్లాడుకునే మాటలు అప్పటికప్పుడు అనుకున్నవే. దోపిడీకి పోతూ పార్కింగ్ కోసం పడే టెన్షన్ విన్నాక మిగతా బ్యాంకు సీన్లన్నీ రిహార్సల్ వేసినట్టు అనిపిస్తాయి. కంటికీ చెవికీ రెంటికీ తొమ్మిది. ఈ స్క్రిప్టు వెనక, కమ్యూనిస్టన్న ముద్రతో హాలీవుడ్ పని ఇవ్వనివాళ్ళ బ్లాక్‌లిస్టులో ఉన్న రచయిత డాల్టన్ ట్రంబో ఉన్నాడు. తెర మీద మాత్రం వేరేవాళ్ళ పేరే పడింది.

ఆగస్టు: కథ కాలమ్, అక్కతో గొడవ

అక్క చిన్నప్పుడు డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దె లైబ్రరీ నుంచి తెచ్చుకుని చదివిన మనిషి. క్లూ ఇస్తే లెక్క చెప్పాలి, శవం పడితే చంపినవాడు దొరకాలి. ఆవిడ ప్రతి సినిమాకీ ఒక కాగితం మీద ఎవరు, ఎందుకు, ఎప్పుడు అని బాణాలు గీస్తుంది. ‘ది బిగ్ స్లీప్’ (1946) కాగితం చూపిస్తే ఎవరైనా జాలిపడతారు.

‘ఒరేయ్, ఆ కారు డ్రైవర్ని ఎవరు చంపార్రా?’

‘ఎవరికీ తెలీదక్కా. సినిమా తీస్తున్నప్పుడు వాళ్ళకీ ఇదే అనుమానం వచ్చి చాండ్లర్‌కి టెలిగ్రాం కొట్టారు. తనకీ తెలీదన్నాడు.’

‘నవల రాసినోడికే తెలీకపోతే నేనెందుకురా చూడ్డం? రెండు.’

నేను ఆరు వేశాను. నా వాదన ఇది. ఈ సినిమాని 1945లోనే పూర్తిచేసి విదేశాల్లోని సైనికులకి చూపించారు. అందులో డిటెక్టివ్ మార్లో (హీరో హంఫ్రీ బోగార్ట్) పోలీసుల ముందు కేసంతా వివరించే సీను ఉంది. తర్వాత మళ్ళీ కొంత షూటింగ్ చేసి ఆ వివరణ తీసేసి, బోగార్ట్, హీరోయిన్ లారెన్ బకాల్ ఇద్దరూ గుర్రప్పందాల నెపంతో సరసమాడుకునే సీను పెట్టారు. అంటే అర్థం కావడమా, ఆ జంటని ఇంకాసేపు చూడటమా అని తూకం వేసి, తెలిసే రెండోది ఎంచుకున్నారు. ఆ పాత వెర్షన్ కూడా ఇప్పుడు దొరుకుతోంది. అందులో కథ కొంచెం తేటగా ఉంటుంది, సినిమా చప్పగా ఉంటుంది. అక్క రెండూ చూసి, ‘పాతదానికి నాలుగు’ అంది. కొత్తదాని మార్కు మాత్రం పెంచలేదు.

‘అవుటాఫ్ ది పాస్ట్’లో మొదటి సగం నీళ్ళలా సాగుతుంది. అకపుల్కో వేడి, ఆ బారు, జేన్ గ్రీర్ నడిచి రావడం. కథ శాన్‌ఫ్రాన్సిస్కో చేరాక పన్ను కాగితాలు, లాయరు, ఇంకో అమ్మాయి, ఎవరు ఎవరిని ఇరికిస్తున్నారో తెలియని గందరగోళం. దీన్ని కూడా ‘నోయిర్ అంటేనే చిక్కుముడి’ అని వెనకేసుకొచ్చేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ‘బిగ్ స్లీప్’లో చిక్కు పడ్డా ప్రతి సీనూ తన కాళ్ళ మీద తను నిలబడుతుంది. ఇక్కడ ఆ లాయరు సీన్లకి కథ తప్ప వేరే బలం లేదు, ఆ కథే అర్థం కాదు. కథకి ఐదు.

గట్టి అల్లిక అంటే ‘ది మాల్టీస్ ఫాల్కన్’. హ్యామెట్ నవలని అంతకుముందు 1931లో, 1936లో కూడా సినిమాగా తీశారు. హ్యూస్టన్ చేసిందల్లా నవలని నమ్మడం. అక్క బాణాలన్నీ ఎక్కడా తెగకుండా కలిశాయి. ఇద్దరమూ తొమ్మిది.

ఆగస్టు చివర: ముగింపు కాలమ్

ఈ పనంతటిలో నాకు బాగా పట్టుబడింది ఇదే. 1934 నుంచి హాలీవుడ్‌లో ప్రొడక్షన్ కోడ్ అనే నియమావళిని గట్టిగా అమలు చేశారు. ఆ ఆఫీసుకి జోసెఫ్ బ్రీన్ పెద్ద. నేరం చేసినవాడు బాగుపడకూడదు, శిక్ష తప్పించుకోకూడదు. జేమ్స్ కెయిన్ రాసిన ‘డబుల్ ఇండెమ్నిటీ’ కథ మీద 1935లోనే స్టూడియోలు కన్నేశాయి. బ్రీన్ ఆఫీసు నుంచి హెచ్చరిక ఉత్తరం రాగానే వెనక్కి తగ్గాయి. సినిమా బయటికొచ్చింది 1944లో.

అంటే ఈ సినిమాలన్నిటి ముగింపూ టికెట్టు కొనే ముందే తెలుసు. కాబట్టి ‘ఏమైంది’ అన్నదానికి మార్కులు వేయడంలో అర్థం లేదు. తప్పనిసరిగా కట్టాల్సిన ఈ జరిమానాని ఎలా కట్టారన్నదే చూడాలి.

కొందరు కట్టినట్టే కట్టి తప్పించుకున్నారు. ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘ది వుమన్ ఇన్ ది విండో’ (1944)లో ప్రొఫెసర్ నేరంలో పీకల దాకా కూరుకుపోతాడు, విషం తాగుతాడు, తర్వాత నిద్ర లేస్తాడు. అంతా కల. లేచేదాకా సినిమా అద్భుతం. ఇద్దరమూ సున్నా వేద్దామనుకుని, ప్రొఫెసర్‌గా వేసిన ఎడ్వర్డ్ జి. రాబిన్సన్ మొహం గుర్తొచ్చి రెండు వేశాం.

‘డీటూర్’లో చివర పోలీసు కారు వచ్చి ఆగుతుంది. అతికించినట్టే ఉంటుంది. కానీ హీరో దాన్ని ఎప్పుడో ఒకరోజు జరగబోయేదిగా చెబుతుంటే కారు వస్తుంది. పట్టుకున్నారా, పట్టుకుంటారని భయపడుతూ నడుస్తున్నాడా అన్నది తేలదు. నేను ఏడు. అక్క నాలుగు.

‘ది మాల్టీస్ ఫాల్కన్’లో కోడ్ అడిగిందీ, డిటెక్టివ్ స్పేడ్ స్వభావమూ ఒకటే. ప్రేమించిన మనిషినే పోలీసులకి అప్పగిస్తాడు. బయట నుంచి పెట్టిన షరతు పాత్ర లోపలి నుంచి వచ్చినట్టు ఉంది. తొమ్మిది.

‘డబుల్ ఇండెమ్నిటీ’ శిక్షని మొదటి సీనులోకి తెచ్చి పెట్టుకుంది. నెఫ్ ఒంట్లో గుండుతో, నేరం ఒప్పుకుంటూ మొదలవుతుంది. ఇక దొరుకుతాడా లేదా అన్న ప్రశ్నే లేదు. మనకి మిగిలిన ఆత్రుత ఒక్కటే, తనని కొడుకులా చూసే తోటి ఉద్యోగి కీస్‌కి ఎప్పుడు తెలుస్తుందని. నెఫ్‌కి గ్యాస్ ఛాంబర్‌లో మరణశిక్ష అమలయ్యే సీను సెట్టు వేసి, షూట్ చేసి మరీ వైల్డర్ పక్కన పెట్టేశాడు. అప్పటికే ముగిసిన సినిమాని మళ్ళీ ముగించడం ఎందుకు? సినిమా పొడుగునా కీస్ చుట్టకి నెఫ్ అగ్గిపుల్ల వెలిగిస్తాడు. చివర నెఫ్ సిగరెట్‌కి కీస్ వెలిగిస్తాడు. కోడ్ ఆఫీసు కోరిన శిక్ష కంటే అదే పెద్ద శిక్ష. పదికి పది. అక్క కూడా పది వేసి, ‘ఆ తలుపు బయటికి ఎలా తెరుచుకుంటుందిరా?’ అని అడిగింది. ఆ ఆడమనిషిగా వేసిన బార్బరా స్టాన్విక్ తలుపు చాటున దాక్కోవడం కోసం నెఫ్ ఫ్లాటు తలుపు వరండాలోకి తెరుచుకుంటుంది. అమెరికాలో ఫ్లాట్ల తలుపులు మామూలుగా లోపలికే తెరుచుకుంటాయి. ఆ మార్కు కథ కాలమ్‌లో తగ్గించాం.

‘అవుటాఫ్ ది పాస్ట్’లో అందరూ చచ్చాక కూడా సినిమా అయిపోదు. జెఫ్‌ని (మిచమ్ పాత్ర) ప్రేమించిన అమ్మాయి, అతని దగ్గర పనిచేసే మూగ కుర్రాణ్ణి అడుగుతుంది, జేన్ గ్రీర్ పాత్రతో వెళ్ళిపోదామనే జెఫ్ అనుకున్నాడా అని. కుర్రాడు అవునని తలూపుతాడు. అది అబద్ధమని నా నమ్మకం. ఆ అబద్ధంతో అమ్మాయికి విముక్తి దొరుకుతుంది. చట్టం ముచ్చట తీరిపోయాక, నీతికి అందనిది ఒకటి మిగిల్చారు. కథకి ఐదు వేసిన చేత్తోనే దీనికి పది వేశాను.

‘ఇన్ ఎ లోన్లీ ప్లేస్’ (1950)లో ముందు, ఒక హత్య కేసులో అనుమానితుడైన బోగార్ట్ పాత్ర తనని ప్రేమించిన గ్లోరియా గ్రాహమ్ పాత్రని చంపేసే ముగింపు తీశారు. దర్శకుడు నికొలస్ రేకి నచ్చక మార్చాడు. ఇప్పుడున్న దాంట్లో అతను హంతకుడు కాదని ఫోనొస్తుంది. అప్పటికే ఆలస్యమైపోయింది, అతను ఏం చేయగలడో ఆమె చూసేసింది. పోలీసుల దృష్టిలో నిర్దోషి, ఇంట్లో కాదు. పది.

కాబట్టి పట్టికలో మార్పు: ముగింపు మార్కులు రెట్టింపు, కథ మార్కులు సగం. అక్క రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపింది. అదీ పట్టిక కింద ఉంది.

సెప్టెంబరు: కొత్త కాలమ్

అక్క అడిగిన ప్రశ్నకి పాత కాలమ్‌లలో చోటు లేదు: ‘ఈ ఆడవాళ్ళు చస్తే ఎవరైనా ఏడుస్తారా?’

ఫ్రిట్జ్ లాంగే తీసిన ‘ది బిగ్ హీట్’ (1953) తీసుకోండి. హింసని తెర బయట ఉంచి భయపెట్టడంలో ఇంత నేర్పు తక్కువ. కారులో బాంబు పేలితే కిటికీలోంచి వెలుగు, శబ్దం, అంతే. సలసల కాగే కాఫీ మొహాన పోసే సీనులో కూడా పోసింది మనం చూడం. మార్కులన్నీ ఎనిమిదీ తొమ్మిదీ. కానీ హీరో నిజాయితీగా కేసు తవ్వుతుంటే నలుగురు ఆడవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకుంటారు. భార్య పోతే అతను బాధపడతాడు, మిగతావాళ్ళు దాదాపు కేసులో మెట్లు. లాంగ్ ఆ సంగతి తెలిసే తీశాడని నా అభిప్రాయం. చివర అతను తన డెస్కు దగ్గరికి మామూలుగా తిరిగొచ్చే తీరు చూస్తే చల్లగా ఉంటుంది. ‘ది నారో మార్జిన్’కి ఆ సాకు కూడా లేదు. ఒక పాత్ర అసలు ఎవరో తేలాక, ఆమె చావుని సినిమా పట్టించుకోకుండా స్టేషన్ దాటిపోతుంది. చెవి కాలమ్‌లో ముందున్న సినిమా ఇక్కడ రెండుతో ఆగింది.

‘మిల్డ్రెడ్ పియర్స్’ (1945) ఇంకో రకం. కెయిన్ నవలలో హత్యే లేదు. భర్తతో విడిపోయిన ఒక ఆడమనిషి వంటలు చేసి, హోటళ్ళు పెట్టి పైకొచ్చిన కథ. సినిమాకి హత్య, పోలీస్ స్టేషన్ తగిలించారు. దాంతో ఆవిడ సంపాదన మొత్తం ఒక వాంగ్మూలంలా తయారైంది. జోన్ క్రాఫర్డ్‌కి ఆస్కార్ వచ్చింది, నటనకి మా ఇద్దరి దగ్గరా తొమ్మిది.

నల్లజాతి వాళ్ళ విషయంలో పరిస్థితి ఇంకా అన్యాయం. బంట్రోతులు, పనిమనుషులు, క్లబ్బులో వాయించేవాళ్ళు, అంతకుమించి కనిపించరు. ‘అవుటాఫ్ ది పాస్ట్’లో హార్లెమ్ క్లబ్బులో మిచమ్, తెరెసా హారిస్‌తో సమానంగా, మర్యాదగా మాట్లాడే ఒక్క సీను అందుకే అంత తాజాగా ఉంటుంది. ‘టచ్ ఆఫ్ ఈవిల్’లో చార్ల్టన్ హెస్టన్‌కి మొహం నల్లబరిచి మెక్సికన్ అధికారి అన్నారు. జాతి వివక్ష గురించే తీసిన సినిమాలో ఇది మింగుడుపడదు. డబ్బు లేదనో కోడ్ ఒప్పుకోలేదనో దీన్ని వెనకేసుకురాలేం.

ఇప్పటి పరిస్థితి

కొత్త లెక్క ప్రకారం పైన ‘డబుల్ ఇండెమ్నిటీ’, దాని వెనక ‘ఇన్ ఎ లోన్లీ ప్లేస్’, తర్వాత ‘ది మాల్టీస్ ఫాల్కన్’. అక్క పట్టికలో ఫాల్కనే మొదట. అడుగున ఇద్దరికీ ‘ది వుమన్ ఇన్ ది విండో’, కేవలం ఆఖరి నిమిషాల వల్ల.

‘టచ్ ఆఫ్ ఈవిల్’ మార్కులు ఇంకా పూర్తి కాలేదు. స్టూడియో సినిమాని చేతుల్లోంచి లాక్కున్నాక దర్శకుడు ఆర్సన్ వెల్స్ 58 పేజీల లేఖ రాశాడు, దాని ప్రకారం 1998లో వాల్టర్ మర్చ్ మళ్ళీ ఎడిట్ చేశాడు. మూడు నిమిషాలకు పైగా సాగే మొదటి షాట్ 1958 వెర్షన్‌లో టైటిల్స్ కింద, మాన్సిని సంగీతం కింద నలిగిపోయింది. కొత్తదాంట్లో వీధిలోని క్లబ్బుల పాటలు ఒక్కొక్కటిగా దాటుకుంటూ వినిపిస్తాయి. చెవికి పాతది ఏడు, కొత్తది పది. దేనికి వేయాలన్నది తేలాలి. ‘కిస్ మీ డెడ్లీ’ (1955)కీ ఇదే పేచీ. చాలాకాలం కురచ ముగింపుతో తిరిగింది, అందులో హీరో బతికాడో లేదో తెలీదు. 1997లో అసలుది తిరిగి కలిపారు, అందులో ఇద్దరూ అలల్లోకి తూలుతూ వెళ్తారు. నాకు కురచదే నచ్చింది. కానీ అది దర్శకుడు ఆల్డ్రిచ్ తీసింది కాదు. ప్రస్తుతానికి దర్శకుడు కోరిన వెర్షన్‌కే మార్కులు, రెండోది బ్రాకెట్లో.

తర్వాతి జాబితాలో మొదట ఐడా లూపినో దర్శకత్వం వహించిన ‘ది హిచ్-హైకర్’ (1953), ఆ తర్వాత నల్లజాతి నటుడు హారీ బెలఫాంటే నటించిన ‘ఆడ్స్ అగైనెస్ట్ టుమారో’. అది 1959 సినిమా, మా హద్దు 1958. హద్దు ఒక ఏడాది జరుపుదామని అక్క అంటోంది. ఈ ఆదివారం తేలుస్తాం.